పెద్దల జాడీలో వెల్లుల్లి

మల్‌సున్ కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఆ ఇరవై ఆరేళ్ళూ రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని ధాన్యపు కొట్టు ముందు నిలబడుతూనే ఉంది. బిచ్చానికి వచ్చినవాడైనా ఒక కేక వేసి, పలక్కపోతే పక్కింటికి పోవచ్చు. ఈవిడకు ఆ సదుపాయం కూడా లేదు. అత్తగారు తీరిగ్గా వచ్చి, నడుముకు కట్టుకున్న తాళంచెవి విప్పి, తలుపు తీసి, సొరచిప్పతో బియ్యం కొలిచి గిన్నెలో పోసేది. పోశాక అదే గిన్నెలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు వెనక్కి తీసి, మూలనున్న చిన్న కుండలో వేసేది. పొదుపు కుండ. వాళ్ళ ఊరు బామ్‌గోల్‌లో అది లేని ఇల్లు లేదు. కానీ పోసిన చెయ్యే మళ్ళీ లాక్కుంటుంటే రోజూ ఎదురుగా నిలబడి చూడటం వేరే సంగతి. కరువు మీదా మొగుడి మీదా కూడా విసుక్కోనంతగా మల్‌సున్ ఆ పిడికెడు మీద విసుక్కుంది.

మొగుడు గప్‌సిక్ మంచివాడు. మంచివాడంటే ఆ ఇంట్లో అర్థం, ఎవరి పక్కనా మాట్లాడడు. "మీ అమ్మకి డెబ్బై ఆరు. నాకు నలభై ఐదు. ఇంకా ఎన్నాళ్ళు అడుక్కోవాలి బియ్యం?" అని ఆమె అంటే, "ఏదో సర్దుకుపోండి" అని పార భుజాన వేసుకుని పొలానికి పోయేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఆ ఎముక ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. గప్‌సిక్ ఆ మాత్రం కూడా అడగడు.

అలాగే ఎలాగో గడిచిపోతూ వచ్చింది. ఆ ఏడు మాత్రం తాళంచెవి చేతికి రాకపోతే కుదరదు. పెద్ద పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. మిగిలింది పదహారేళ్ళ ఇన్‌జా. ఆ పిల్ల బాగా చదువుతుంది, క్వాంగ్జు పట్నం పంపి పై చదువు చెప్పించమని బడి మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. క్వాంగ్జులో గది ఇచ్చి అన్నం పెట్టే ఇల్లు కూడా ఆయనే చూశాడు. ఆ ఇంటావిడ డబ్బు అడగలేదు, నెలనెలా బియ్యం అడిగింది. బియ్యానికేం, కొట్టు నిండా ఉన్నాయి. కొట్టు తాళంచెవి అత్తగారి నడుముకి ఉంది.

"పెద్దలేమంటారో చూద్దాం," అంది అత్తగారు. "పదో నెలలో జాడీ దించుతాంగా. బియ్యం తెల్లగా ఉన్నాయా, తాళంచెవి నీ చేతిలో పెడతా. నీ కూతుర్ని క్వాంగ్జు పంపుకుంటావో చంద్రమండలం పంపుకుంటావో నీ ఇష్టం. పురుగు కనబడిందా, పిల్ల ఇంటి పట్టునే ఉంటుంది."

మల్‌సున్‌కు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే జాడీలో పురుగు కనబడి తీరుతుందని ఆమెకు తెలుసు, అత్తగారికీ తెలుసు.

పెద్దల జాడీ లోపలి గదిలో అటక మీద ఉంటుంది. ఏటా కొత్త పంట రాగానే అందులో కొత్త బియ్యం నింపి, తెల్లకాగితం కప్పి, ఎడమవైపుకు పేనిన గడ్డితాడుతో కట్టేస్తారు. ఇంట్లో పోయిన పెద్దలంతా ఆ బియ్యంలోనే ఉంటారు. ఏడాది పాటు దాన్ని ఎవరూ విప్పకూడదు. మళ్ళీ పంట వచ్చాక దించి చూస్తారు. బియ్యం శుభ్రంగా ఉంటే ఇంటికి మంచిది. బూజు పట్టినా పురుగు పట్టినా పెద్దలకు మనసు బాగాలేదని లెక్క. మూడేళ్ళుగా వరసగా పురుగు పడుతోంది. మూడేళ్ళుగా అత్తగారు జాడీలోకి ఒకసారి తల వంచి, ఆ తరువాత కోడలి వైపు తిరిగి నిట్టూరుస్తోంది.

"పెద్దల మనసూ కాదు, నా తలకాయీ కాదు. గది వేడి!" అని మల్‌సున్ మొగుడితో వందసార్లు అంది. "చలికాలమంతా నేల కింద మంట, పైన జాడీ. అంత వెచ్చగా ఉంటే పురుగు రాక ఏం చేస్తుంది? కొట్టులో నేను దాచిన గింజకి ఎందుకు పట్టదూ?"

కొట్టులో నిజంగానే పట్టేది కాదు. అది మల్‌సున్ పుట్టింటి విద్య. నూర్పిళ్ళు కాగానే, అత్తగారు తలుపు తీసి గుమ్మంలో కాపలా కూర్చుంటే, మల్‌సున్ ప్రతి కుండ అడుగునా ఎండిన ఉన్‌హేంగ్ చెట్టు ఆకులు పరిచేది. చలి రాబోయే ముందు ఊరంతటికీ పసుపు పూసినట్టు రాలే ఆ ఆకులంటే పురుగుకు గిట్టదు. వాటి మీద బియ్యం, మధ్యమధ్య పొట్టు తియ్యని వెల్లుల్లి రెబ్బలు, అన్నిటికన్నా పైన నాలుగు ఎండుమిరపకాయలు. మిరపకాయ తొడిమ తియ్యకూడదు. తీస్తే గింజలు రాలి అన్నం మండుతుంది, మొగుడు మంచినీళ్ళకు పరిగెడతాడు. వెల్లుల్లి ఎండి తేలికైతే మార్చాలి. అంతే, అంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు. బియ్యం తినే ముక్కు పురుగు ఆ కొట్టులో కనబడి ఇరవై ఏళ్ళు దాటింది. ఊరివాళ్ళు వచ్చి అడిగి నేర్చుకుని వెళ్ళేవారు. ఇంట్లో మాత్రం బాగుందన్న నోరు లేదు.

"పోనీ జాడీలో కూడా నాలుగు రెబ్బలు వేద్దాం అత్తమ్మా," అని ఒకసారి నోరు జారింది.

"పెద్దల కూట్లో వెల్లుల్లా!" అత్తగారి అరుపుకు కోళ్ళు గోడెక్కాయి. "తద్దినం కూరలో వెల్లుల్లి ఎందుకు వెయ్యరే? ఆ ఘాటుకి ఆత్మలు నిలబడవు, లేచిపోతాయి. పురుగుని తరిమేది పెద్దల్ని తరమదా? పొమ్మనలేక పొగబెడతావా మా ఇంటి పెద్దలకి?"

తద్దినం వంటలో వెల్లుల్లి వెయ్యకూడదన్నది మల్‌సున్‌కూ పాలతో పాటు పట్టిన సంగతి. అది అబద్ధమని అనలేదు, నిజమని ఊరుకోనూలేదు. మింగలేక కక్కలేక వానాకాలం దాకా లాక్కొచ్చింది.

వానాకాలంలో అత్తగారు తమ్ముడి అరవయ్యో పుట్టినరోజు విందుకని హ్వాసున్‌కు బయలుదేరింది. నాలుగు రోజులకు బియ్యం ఒకేసారి కొలిచి, నాలుగు పిడికిళ్ళు వెనక్కి తీసుకుని, తాళంచెవి నడుముకు కట్టుకుని, తోడుగా ఇన్‌జాను లాక్కుని మరీ వెళ్ళింది.

"పరీక్షలున్నాయి దానికి," అంది మల్‌సున్.

"బస్సులో దిక్కులు చూస్తూ కూర్చోనా నాలుగు గంటలు? పిల్ల ఉంటే కాలక్షేపం," అంది అత్తగారు.

రెండు రోజులు మల్‌సున్ ఓపిక పట్టింది. మూడోరోజు వాన తెరిపిచ్చి ఎండ కాసేసరికి, ఆమె కాళ్ళు వాటంతటవే లోపలి గదిలోకి వెళ్ళాయి. జాడీ దించి తాడు విప్పి చూసింది. అనుకున్నంతా ఉంది. ముక్కు పురుగులు అయిదారు, బియ్యపు గింజల మధ్య సొంత ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి. చాప మీద పోసి ఎండ చూపించింది, చేటతో చెరిగింది, ఒక్కొక్క పురుగునీ ఏరి నలిపింది. చూరుకు వేలాడుతున్న వెల్లుల్లి జడలోంచి ఒక గడ్డ తెంపి ఏడు రెబ్బలు విడదీసింది. పక్కనే ఎండుమిరపకాయల దండ ఉంది. దాని మీద చెయ్యి పడి, వెనక్కి వచ్చింది. దయ్యాల్ని తరమడానికి గుమ్మానికి కట్టేది మిరపకాయలే. ఎంత ఒళ్ళు మండినా, మామగారిని దయ్యాన్ని తరిమినట్టు తరమడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆమెను ఒక్క మాట అనలేదు.

"మీ మనవరాలి కోసం మామయ్యా. కాస్త ముక్కు మూసుకోండి," అని గొణిగి, రెబ్బల్ని బియ్యంలో లోతుగా గుచ్చి, కాగితం కప్పి తాడు బిగించింది.

ఆ రోజు నుంచి ఆమెకు స్థిమితం లేదు. కోడి చచ్చిపోతే ఉలిక్కిపడింది. గప్‌సిక్‌కు పన్ను సలిపితే, పెద్దలు లేచిపోయారు కాబోలని రెండు రోజులు అన్నం సహించలేదు. మొగుడికి నలభై తొమ్మిదేళ్ళు, పన్ను సలపక ఏమవుతుందని మళ్ళీ తన మీద తనకే విసుగు. అత్తగారు లేనప్పుడల్లా మడత పీట ఎక్కి కాగితం అంచు లేపి లోపలికి చూసేది. వాన వెళ్ళింది, కోతలు వచ్చాయి. జాడీలో ఒక్క పురుగు లేదు.

అత్తగారు మాత్రం ఆ శరదృతువులో మరీ మితిమీరింది. ఇన్‌జా పుస్తకం తెరిస్తే చాలు, లోపలి గదిలోంచి కేక.

"ఇన్‌జా! ఈ సూదిలో దారం ఎక్కించి పో."

"ఇన్‌జా! దారిలో వచ్చేదెవరే?"

"ఇన్‌జా! ఈ పళ్ళెంలో రాళ్ళేరిపెట్టు."

రాణీవాసం వెలగబెడుతోందని మల్‌సున్ పళ్ళు నూరేది. "కూర్చున్నచోటి నుంచి తల తిప్పితే దారిలో ఎవరొస్తున్నారో కనబడదూ? దానికి కూడా పిల్ల రావాలా?" అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకునేది. ఒకరోజు ఎదురుగానే అనేసింది. "రేపు ఇది క్వాంగ్జు పోతే మీ సూదుల్లో దారాలు ఎవరెక్కిస్తారో నేనూ చూస్తా!"

మాటకు మాట అప్పగించకుండా ఏనాడూ నిద్రపోని ముసలావిడ ఆ పూట ఊరుకోవడం మల్‌సున్ గమనించాల్సింది. చలికాలపు పచ్చడికి క్యాబేజీలకు ఉప్పు పట్టించే తొందరలో గమనించలేదు.

పదో నెలలో మంచిరోజు చూసి జాడీ దించారు. అత్తగారు తలంటుకుని తెల్లబట్టలు కట్టుకుంది. గప్‌సిక్ జాడీని అటక మీది నుంచి దించి గది మధ్యలో పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు. మల్‌సున్ కొత్త బియ్యం బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇన్‌జా పెదవులు కొరుక్కుంటూ నాయనమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అత్తగారు నీళ్ళగిన్నె ముందు చేతులు రుద్దుకుంటూ దండం పెట్టి, తాడు విప్పి, కాగితం తీసింది.

"చూడవే ఇన్‌జా. ఎలా ఉంది?"

ఇన్‌జా తొంగి చూసింది. దాని మొహం వాడిపోయింది. "పురుగులున్నాయి నాయనమ్మా."

"ఉండవు!" అంది మల్‌సున్.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఉండవా?" అంది అత్తగారు మెల్లిగా. "ఏడాదిగా కట్టేసున్న జాడీలో ఏముందో, ఏం లేదో నీకెలా తెలుసే?"

తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉండాల్సిన మల్‌సున్ తానే కేక పెట్టింది. కానీ నాలుగు రోజుల కిందటే చూసింది కదా, బియ్యం ముత్యాల్లా ఉన్నాయి! ఏమైతే అయిందని ముందుకు జరిగి జాడీలోకి వంగింది. నిజమే, పురుగులు. పదో పన్నెండో, పైపైనే తిరుగుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుతుర్లో పెట్టి చూసింది. చూసి, మరొకటి తీసింది. బుగ్గలు మెల్లగా ఎర్రబడ్డాయి.

"ఇవి బొబ్బర్ల పురుగులు!"

"పురుగు పురుగే," అంది అత్తగారు.

"ఎందుకవుతుంది? బియ్యం పురుగు సన్నగా నల్లగా ఉంటుంది, ముందు ఏనుగు తొండంలా ముక్కుంటుంది. ఇది పొట్టిగా బుడ్డగా ఉంది, ముక్కే లేదు, పైగా ఎగురుతుంది. ఇది ఎర్ర బొబ్బర్లలో తప్ప పుట్టదు. బియ్యంలో పెడితే ఆకలికి చస్తుంది కానీ గింజ ముట్టదు. ఇరవై ఆరేళ్ళుగా గింజల్లో చేతులు పెట్టి బతికే దాన్ని, నాకు తెలీదూ? మనింట్లో బొబ్బర్లు ఎక్కడున్నాయి? శీతాకాలం జావకని మీరు ఈ గదిలోనే, మీ తలగడ పక్కన సొరబుర్రలో దాచుకున్నారు. అక్కణ్ణించి ఇవి జాడీలోకి ఎలా వచ్చాయి? తాడు విప్పుకుని, లోపలికి దిగి, మళ్ళీ కట్టుకున్నాయా?"

కంచే చేను మేసిందన్నమాట. మల్‌సున్‌కు ఇప్పుడు మొత్తం అర్థమైంది. ముసలావిడకు పురుగులు కావాల్సి వచ్చాయి. కొట్టులో వెతికితే కోడలి వెల్లుల్లి దెబ్బకు ముక్కు పురుగు ఒక్కటీ దొరకలేదు. ఇల్లు మొత్తం మీద పురుగున్నది ఆవిడ బొబ్బర్లలోనే.

అత్తగారు బెదరలేదు. జాడీలో మోచేతి దాకా చెయ్యి దోపి, ఒక్కసారి తిప్పి, పైకి తీసి గుప్పిట విప్పింది. అందులో ఒక వెల్లుల్లి రెబ్బ ఉంది.

"మరి ఇదెలా వచ్చిందే? ఇది నడిచొచ్చిందా?"

గోడ దగ్గర గప్‌సిక్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇప్పుడు ఈ బియ్యం వండుతారా, వండరా?"

"నువ్వు ఊరుకో!" అన్నారు అత్తాకోడళ్ళు ఇద్దరూ. ఇరవై ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

"వేశాను," అంది మల్‌సున్. ఇక దాచేదేముంది. "ఏడు రెబ్బలు వేశాను. నా పిల్ల చదువు పురుగుల చేతిలో పెడితే చూస్తూ కూర్చోమంటారా? పెద్దలు లేచిపోతారా? మామయ్యగారు మక్కొల్లి కల్లు తాగిన ప్రతిసారీ గడ్డకి గడ్డ పచ్చి వెల్లుల్లి నమిలేవారు. ఆయన పక్కన కూర్చుని వడ్డించడానికి ముక్కు బిగబట్టుకునేదాన్ని. అలాంటి మనిషి ఏడు రెబ్బలకి జడిసి పారిపోతారా? నేను చేసింది తప్పే. కానీ నేను పురుగుల్ని తీశాను. మీరు తెచ్చి వేశారు! ఇదిగో, చూడండి, మీ కళ్ళతోనే చూడండి, దీనికి ముక్కుందా?"

అరచెయ్యి అత్తగారి మొహం ముందుకు చాపింది. ఆ విసురుకు పురుగు రెక్క విప్పి ఎటో ఎగిరిపోయింది. అరచేతిలో ఏమీ లేదు.

అత్తగారు కళ్ళు చిట్లించి, మల్‌సున్ మణికట్టు దగ్గర ఎక్కడో చూసింది.

"ఎందుకు లేదూ? ఇంత పొడుగుంది ముక్కు," అంది.

ఇన్‌జా తల దించుకుంది. గప్‌సిక్ గోడ దగ్గర నుంచి నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం ఎందుకో అర్థంకాక అత్తగారు మొహం అటూ ఇటూ తిప్పింది.

మల్‌సున్ ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. సూదిలో దారం, దారిలో మనిషి, పళ్ళెంలో రాళ్ళు, హ్వాసున్ బస్సు. అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఎంత కాలంగా?" అని కూతుర్ని అడిగింది.

"రెండేళ్ళయింది అమ్మా," అంది ఇన్‌జా. "ముందు ఎడం కన్ను. ఇప్పుడు రెండూ, పొగమంచులో చూసినట్టు ఉంటుందట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

జాలి పడాల్సిన చోట మల్‌సున్‌కు కోపం రెట్టింపైంది. "నోరేమైంది అత్తమ్మా మీకు? ఊళ్ళో వాళ్ళందరినీ కడిగెయ్యడానికి ఉన్న నోరు, కళ్ళు కనబడటం లేదని ఒక్క ముక్క చెప్పడానికి లేదా? చెబితే కొరుక్కుతింటామా?"

"చెబితే ఏమవుతుంది?" అత్తగారి గొంతు కూడా లేచింది. "పాపం ముసలిదని తాళంచెవి తీసుకుని, ఈ గది ఖాళీ చేయించి, ఎదురు గదిలో గోడకేసి కూర్చోబెడతారు. వేళకింత పెడతారు. అంతే. నాకు తెలీదనుకున్నావా? మా అత్తని నేను అలాగే కూర్చోబెట్టాను. ఆరేళ్ళు కూర్చుంది. నేను ఒక్కసారి కూడా దారిలో ఎవరెళ్తున్నారో చెప్పలేదు ఆవిడకి." నీళ్ళగిన్నెను తడిమి పక్కకు జరిపింది. "పిల్ల ఉంటే ఎలాగో నెట్టుకొస్తున్నా. అదీ వెళ్ళిపోతే దారిలో ఎవరొస్తున్నారో నాకెవరు చెప్తారు?"

"నేను చెప్పనా? నాకు నోరు లేదా?"

"ఉంది కాబట్టే అడగలేదు."

గప్‌సిక్‌కు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"ఎవరికి కావాలి మీ గది?" అంది మల్‌సున్. "నేల పగిలి పొగ పైకొచ్చే గది! అందులో మీరే ఉండండి నూరేళ్ళు. నేను అడిగింది గదా? బియ్యం అడిగాను. పిల్ల కోసం అడిగాను. ఇన్నేళ్ళ నుంచీ అడగని దాని కోసం నాతో యుద్ధం చేశారు మీరు!"

అత్తగారు చేతిలో ఉన్న వెల్లుల్లి రెబ్బను వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మూడు రోజుల కిందట విప్పినప్పుడే తెలిసింది నాకు," అంది. "ముడి నాది కాదు. కళ్ళు పోయినా వేళ్ళున్నాయిగా. లోపల చెయ్యి పెడితే ఇది తగిలింది. తీసి పారేద్దామనుకున్నా. పట్టుకుంటే ఈ వాసన. మీ మామయ్య తాగొచ్చి పక్కన పడుకుంటే ఇదే వాసన. పో అవతలికి అని నెట్టేదాన్ని." రెబ్బను మళ్ళీ వాసన చూసింది. "పద్దెనిమిదేళ్ళుగా ఈ జాడీకి దండం పెడుతున్నా. ఆయన ఇందులో ఉన్నాడని మొన్నే అనిపించింది. తియ్యలేకపోయా."

"తీసి పారేస్తే నన్ను పట్టుకోలేరని ఉంచారేమో అనుకున్నాను," అంది మల్‌సున్. కానీ ఆ మాటలో కారం లేదు.

"అదీ ఉంది," అంది అత్తగారు.

గప్‌సిక్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ, జాడీ మంచిదనా, చెడ్డదనా?"

ఈసారి అతన్ని ఎవరూ కసరలేదు. అడగాల్సిన ప్రశ్న అదే. అత్తగారు జాడీలో మళ్ళీ చెయ్యి పెట్టి, బియ్యం గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య నుంచి జారవిడిచింది. బియ్యం గలగలమని జారాయి. పురుగు పట్టిన బియ్యం అలా జారవు, పిండి అంటుకుంటుంది. నలుగురికీ ఆ సంగతి తెలుసు.

"ఇందులో పుట్టిన పురుగు లేదు," అంది. "శుభ్రంగా ఉంది."

నడుము దగ్గర తాడు ముడి విప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. విప్పి తాళంచెవిని నేల మీద పెట్టి, మల్‌సున్ ఉన్న వైపుకు తోసింది. అది మల్‌సున్‌కు కాస్త పక్కగా వెళ్ళింది. ఇన్‌జా దాన్ని అందుకోబోతే మల్‌సున్ కళ్ళతోనే వారించి, తానే ఒంగి తీసుకుంది.

"గది మాత్రం ఇవ్వను," అంది అత్తగారు.

ఆ పూట పెద్దల బియ్యం వండారు. ఇంటివాళ్ళు తప్ప పైవాళ్ళు తినకూడని అన్నం. కొంచెం వెల్లుల్లి వాసన వేసింది. గప్‌సిక్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. భోజనాలయ్యాక జాడీలో కొత్త బియ్యం నింపుతుంటే అత్తగారు అడిగింది, "ఎన్ని రెబ్బలు వేశానన్నావు?"

"ఏడు."

"పది వెయ్యి. ఆయనకి ఏడు ఆనవు. మిరపకాయ మాత్రం వద్దు, మా అత్తకి నోటిపూత."

ఇన్‌జా ప్రవేశ పరీక్ష రాసింది, నెగ్గింది. వసంతంలో క్వాంగ్జుకు ప్రయాణం కట్టారు. ముందురోజు మధ్యాహ్నం మల్‌సున్ తన చేత్తో కొట్టు తాళం తీసి, తన చేత్తో బస్తాలోకి బియ్యం కొలిచింది. అడుగున ఉన్‌హేంగ్ ఆకులు, మధ్యలో వెల్లుల్లి. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క చిప్పా పడుతున్న చప్పుడు లెక్కపెట్టింది. చివరికి "ఆ పొదుపు కుండ కూడా ఒంపెయ్యి," అంది.

మల్‌సున్ కుండ మూత తీసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుండలోకి పోతున్న పిడికిళ్ళు చూసింది కానీ, ఏనాడూ లోపలికి తొంగి చూడలేదు. బియ్యం మల్లెమొగ్గల్లా ఉన్నాయి. వాటి మధ్య అయిదారు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు. మిరపకాయలకు తొడిమలు కూడా ఉన్నాయి.

"అత్తమ్మా! మీ కుండలో మాత్రం వేసుకున్నారా?"

"నా కుండలో నువ్వు చెప్పినట్టే వేసుకున్నా. బాగానే పనిచేస్తుంది," అంది అత్తగారు. ఇరవై ఆరేళ్ళ మెప్పు ఆ రెండు ముక్కల్లో సరిపెట్టేసింది.

మర్నాడు బస్తా బస్సు టాపెక్కింది, ఇన్‌జా బస్సెక్కింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఆ మరునాటి పొద్దున్న మల్‌సున్ గిన్నె పట్టుకుని కొట్టుకు వెళ్ళింది. ఎవరి కోసమూ నిలబడనక్కర్లేదు. తాళం తీసి, సొరచిప్పతో రెండు చిప్పలు పోసి, గిన్నె ఎత్తబోతూ అందులో చెయ్యి పెట్టి ఒక పిడికెడు వెనక్కి తీసి ఖాళీ కుండలో వేసింది. వేశాక గానీ ఏం చేసిందో ఆమెకే తెలియలేదు.

"తీశావా?" అంది గుమ్మంలోంచి అత్తగారు.

"తీశాను!" అంది మల్‌సున్ విసురుగా.

"చప్పుడు వింటే చిటికెడులా ఉంది. ఇంకాస్త తియ్యి. పై నెల మళ్ళీ పంపాలి పిల్లకి."

మల్‌సున్ పళ్ళు కొరుక్కుని మళ్ళీ చెయ్యి పెట్టింది. ఇంతలో గోడ అవతల దారిలో ఎవరివో అడుగుల చప్పుడైంది. బండి చక్రం కిర్రుమంటోంది. అత్తగారు చెవి అటు తిప్పింది.

"ఇన్‌జా! ఎవరే అది?"

అనేసి, గుర్తొచ్చి, నోరు మూసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపుకు తిరిగి కూర్చుంది.

మల్‌సున్ పిడికెడు బియ్యం చేతిలో పట్టుకునే గుమ్మం దాకా వచ్చి, మెడ చాచి చూసింది.

"మిల్లు ఆయన అత్తమ్మా," అంది. "ఎద్దు కొత్తది. గోధుమ రంగు. నుదుట తెల్లమచ్చ ఉంది."

"ఎంత మచ్చ?"

"అబ్బా, ఇంత," అని చూపించబోయి, ఆ చేత్తో అత్తగారి చెయ్యి వెల్లకిలా తిప్పి, ఆవిడ అరచేతిలో వేలితో గీసింది.